ఆరున్నరకి మొదలయ్యే ఏడుపు

ప్రశ్న: మాది గాజువాక. తొలి కాన్పు, పాపకి ఐదు వారాలు. మా అమ్మకి ఒంట్లో బాగోక పురుడు అత్తవారింట్లోనే జరిగింది. పగలంతా పాప బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టిందంటే తొమ్మిదిన్నర, పదిదాకా ఆపదు. పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది, మళ్లీ ఏడుపు. "గుంటకి పాలు సాలట్లేదు, డబ్బా పాలు పట్టండి" అంటారు అత్తగారు. పక్కింటావిడ గ్రైప్ వాటర్ సీసా తెచ్చిచ్చింది. మా ఆయనది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. పిల్లల ఏడుపుకి అర్థం చెబుతుందని ఒక యాప్ నా ఫోన్‌లో వేసిచ్చారు. ఒకే ఏడుపుని అది ఒకసారి ఆకలి అంటుంది, ఇంకోసారి గ్యాస్ అంటుంది. నా బిడ్డ ఎందుకు ఏడుస్తోందో నాకే తెలియకపోతే నేనేం తల్లినండీ? వచ్చే వారం టీకాలు కూడా ఉన్నాయి. ఆ రోజు ఇంకెంత ఏడుస్తుందోనని ఇప్పట్నుంచే భయంగా ఉంది.
— పేరు వద్దు, గాజువాక

జవాబు: మీరు చివర్లో అడిగిన దానికి ముందు జవాబు చెబుతానమ్మా. ఐదు వారాల పిల్ల ఏడుపు వినగానే ఇది ఆకలి, ఇది నిద్ర అని ఠక్కున చెప్పగలిగే తల్లి నాకింతవరకూ తగల్లేదు. పుట్టినపిల్లల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు చేశాను, నాకూ రాదు. వార్డులో బిడ్డ ఏడిస్తే మేం ముందు చూసేది చార్టు: ఎన్నింటికి పాలు తాగింది, ఎన్నింటికి ఒంటికి పోసింది, నిద్రపోయి ఎంతసేపైంది. తర్వాతే బిడ్డని చూస్తాం. ఈ వయసు ఏడుపు కాలింగ్ బెల్ లాంటిది. ఎవరో వచ్చారని చెబుతుంది, ఎవరొచ్చారో చెప్పదు. ఎంత గట్టిగా, ఎంత ఆపకుండా మోగుతోందన్న దాన్నిబట్టి తొందర ఎంతో తెలుస్తుంది, అంతే.

కాబట్టి ఆ యాప్ తీసేయండి. ఆస్ట్రేలియాకి చెందిన ప్రిసిల్లా డన్‌స్టన్ అనే ఆవిడ, పుట్టిన పిల్లలందరూ ఐదు రకాల శబ్దాలు చేస్తారు, "నే" అంటే ఆకలి, "ఔ" అంటే నిద్ర, "ఎ" అంటే తేన్పు అని చెప్పి బాగా పేరు తెచ్చుకుంది. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ దానికి గట్టి ఆధారం లేదు. ఫ్రాన్స్‌లో నికొలా మాతెవోన్ అనే శాస్త్రవేత్త బృందం పసిపిల్లల ఏడుపుల్ని ఇళ్లలోనే రికార్డు చేసి, వేల ఏడుపుల్ని కంప్యూటర్‌తో పరీక్షించి 2023లో ఫలితాలు చెప్పింది. ఏడుపునిబట్టి ఇది ఏ బిడ్డ, వయసెంత అన్నది కంప్యూటర్ పట్టుకోగలిగింది. ఎందుకు ఏడుస్తోందన్నది మాత్రం పట్టుకోలేకపోయింది. అంత హంగామా చేస్తేనే తెలియనిది మీ ఫోన్‌కి తెలుస్తుందా? అదే బృందం మరో సంగతి కూడా గమనించింది. చంటిపిల్లలున్న తల్లిదండ్రులు ఇంజెక్షన్ నొప్పి ఏడుపుని మామూలు చిరాకు ఏడుపు నుంచి చాలావరకు వేరుచేయగలిగారు. పిల్లల్ని ఎత్తిన అలవాటే లేనివాళ్లు చెప్పింది గుడ్డి లెక్కే. అంటే ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు. చేతిలో బిడ్డ ఉండగా ఉండగా వచ్చేది. మీ చేతికి బిడ్డ వచ్చి ఇంకా ఐదు వారాలే.

ఇక ఆరున్నర సంగతి. పిల్లల ఏడుపుకి ఒక వరస ఉంది. రెండో వారం నుంచి పెరుగుతూ పోయి, ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడో నెల దాటేసరికి సగానికి పైగా తగ్గిపోతుంది. బ్రేజల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 1962లో 80 మంది పిల్లల తల్లుల చేత రోజూ రాయించి చూస్తే, ఆరో వారంలో మామూలు ఆరోగ్యం ఉన్న పిల్లలే రోజుకి సుమారు రెండు ముప్పావు గంటలు ఏడ్చారు. అందులో ఎక్కువ భాగం సాయంత్రాలే. మీ పాప సరిగ్గా ఆ మెట్టు ఎక్కబోతోంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే ఈ లెక్క పుట్టిన రోజు నుంచి కాకుండా, డాక్టరు మొదట ఇచ్చిన కాన్పు తేదీ నుంచి వేసుకోవాలి. వచ్చే వారం పది రోజుల్లో ఏడుపు ఇంకాస్త పెరిగినా కంగారుపడకండి. పెరగడం కూడా ఆ వరసలో భాగమే.

అత్తగారి మాటకి వద్దాం. ఆవిడ అన్నదాంట్లో ప్రేమ ఉంది, కొలత లేదు. పాలు చాలుతున్నాయా లేదా అన్నది సాయంత్రం ఏడుపునిబట్టి తేల్చకూడదు. అందుకు రెండే కొలతలు: ఒంటికి పోయడం, బరువు. ఆరో రోజు దాటిన బిడ్డ ఇరవైనాలుగు గంటల్లో ఆరుసార్లో ఇంకా ఎక్కువో, పల్చటి రంగులో ఒంటికి పోయాలి. డైపర్ వేస్తే లెక్క తెలియదు, రెండు మూడుసార్లు పోసినా లోపలే పీల్చుకుంటుంది. ఒక్క రోజు డైపర్ పక్కనపెట్టి, పాత నూలు చీర చింపి గుడ్డలు కట్టండి. తడిసిన గుడ్డల్ని ఉతికేయకుండా ఒక బకెట్‌లో వేస్తూ మర్నాడు అత్తగారి ఎదురుగానే లెక్కపెట్టండి. వాదించే పని ఉండదు. బరువు సంగతంటారా, పుట్టిన మొదటి వారంలో కాస్త తగ్గి, రెండో వారం చివరికల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకి రావాలి. అక్కణ్నుంచి రోజుకి 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఆశా కార్యకర్త 28వ రోజున మీ ఇంటికి వచ్చి బరువు చూసి ఉండాలి. ఆ అంకె, పుట్టినప్పటి అంకె పక్కపక్కన పెట్టి చూడండి. అవి సరిగ్గా ఉంటే డబ్బా పాల ఊసే వద్దు. డబ్బా పాలు పట్టినకొద్దీ పాప రొమ్ము పట్టడం తగ్గుతుంది, తాగేది తగ్గినకొద్దీ పాలు ఊరడం తగ్గుతుంది. అప్పుడు అత్తగారి మాటే నిజమై కూర్చుంటుంది. అంకెలు సరిగ్గా లేకపోతే మాత్రం ఆవిడ అనుమానం నిజమే కావచ్చు. ఆ రోజే డాక్టరుకి చూపించండి, పాప రొమ్ము పట్టే తీరు కూడా చూడమనండి.

సాయంత్రం రొమ్ములు మెత్తగా ఉంటాయి, అందుకే చాలామంది పాలు లేవనుకుంటారు. నిజానికి ఆ వేళ పిల్లలు అరగంటకోసారి, ముప్పావుగంటకోసారి కొంచెం కొంచెంగా అడుగుతారు. తాగి వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదలడం ఆ పూట పద్ధతే. రోజు మొత్తమ్మీద ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలివ్వడం మామూలు. "రెండు గంటలు కాకుండా ఇవ్వకూడదు" అని ఎవరైనా అంటే వినకండి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మీ పాప అడుగుతూనే ఉంది, ఏడుపుకి చాలా ముందు నుంచే. రేపు మధ్యాహ్నం పాప నిద్రలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని చూడండి. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతాయి. పెదాలు చప్పరిస్తుంది. నాలుక బయటికొస్తుంది. పిడికిలి నోటివైపు వెళ్తుంది, దారి తప్పి బుగ్గకి తగులుతుంది. తల ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతూ, చెంపకి ఏది తగిలితే దానివైపు నోరు తెరుస్తుంది. ఇదంతా అయి, చిన్నగా మూలిగి, ముఖం ఎర్రబడ్డాకగానీ ఏడుపు రాదు. ఆకలికి ఏడుపు ఆఖరి గుర్తు. పెదాలు చప్పరించేటప్పుడే రొమ్ముకి పెట్టుకుంటే హాయిగా పడుతుంది. కేకలు పెట్టే దశలో రొమ్ము అందిస్తే నాలుక పైకి ఉంటుంది, పట్టలేదు, రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. మీరు రాసింది చూస్తే సాయంత్రం ఇదే జరుగుతోందని నా అనుమానం. అలాంటప్పుడు ముందు భుజాన వేసుకుని ఊరుకోబెట్టి, ఆ తర్వాత పాలివ్వండి.

నిద్రకి కూడా ఇలాంటి గుర్తులే ఉన్నాయి: చూపు మీ మొహం మీద నుంచి తప్పుకుని గోడ మీదికి పోతుంది, కనుబొమలు ఎర్రబడతాయి, ఒళ్లు విరుస్తుంది. ఈ వయసులో గంట, గంటన్నర మెలకువగా ఉంటే చాలు, అలిసిపోతారు. సాయంత్రం చుట్టాలు, టీవీ, ట్యూబులైటు, చేతులు మారడం... అన్నీ కలిసి పాపని ఇంకా రేపుతాయి. ఆరుకల్లా ఒక గదిలో దీపం తగ్గించి కూర్చోండి. చూడ్డానికొచ్చిన వాళ్లని పొద్దున రమ్మనండి.

ఏడుపు ఆగకపోతే పాపని నెత్తి నుంచి కాలి వేళ్లదాకా ఒకసారి విప్పి చూడండి. మన విశాఖ ఉక్కపోతలో ఊలు టోపీ, మేజోళ్లు, రెండు పొత్తిళ్లు చుట్టి, బాలింతకి గాలి తగలకూడదని కిటికీలు మూసేస్తే, ఆ పసిది ఏడవక ఏం చేస్తుంది? చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని గుడ్డలు పెంచకండి, పిల్లలకి అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక గుడ్డ తీసేయండి. మీకు ఎన్ని బట్టలు హాయిగా ఉన్నాయో, పాపకి వాటికంటే ఒక పల్చటి గుడ్డ ఎక్కువ, అంతే. గజ్జల్లో, మెడ మడతల్లో ఒరుసుకుపోయిందేమో చూడండి. కాలి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. కాన్పయ్యాక తల్లికి జుట్టు బాగా ఊడుతుంది. ఒక్క వెంట్రుక మేజోడులోకి చేరి వేలికి చుట్టుకుని బిగుసుకుంటే వేలు వాచి ఎర్రబడుతుంది, బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంది. తరచుగా జరిగేది కాదు, కానీ చూడకపోతే ఎవరికీ తట్టదు. అలా వెంట్రుక కనిపించి తేలిగ్గా రాకపోతే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఎడమ భుజం మీద పుట్టినప్పుడు బీసీజీ వేసిన చోట ఈపాటికి చిన్న పొక్కు వచ్చి ఉండొచ్చు, కాస్త చీము కూడా పట్టొచ్చు. అది టీకా పనిచేస్తున్న గుర్తు. దాన్ని నొక్కొద్దు, పసుపు, మందు ఏదీ రాయొద్దు. పాప ఏడుపుకి అది కారణం కాదు.

ఒంటికి పోసే ముందు చాలామంది పిల్లలు ఏడుస్తారు, ధార వచ్చేసరికి ఊరుకుంటారు. అదీ మామూలే. ధార రాకుండా చుక్కలు చుక్కలుగా పడుతూ ఏడుస్తుంటే మాత్రం చూపించాలి. పది నిమిషాలు ముక్కి, ఎర్రబడి, ఏడ్చి, చివరికి మెత్తగానే విరేచనమైతే అది మలబద్ధకం కాదు. కింద వదలడం, పైన ముక్కడం రెండూ ఒకేసారి చేయడం ఇంకా చేతకాలేదు, అంతే. దానికోసం తమలపాకు కాడ ఆముదంలో ముంచి పెట్టడం దయచేసి ఎవర్నీ చేయనివ్వకండి.

గ్రైప్ వాటర్ సీసా పక్కింటావిడకి నవ్వుతూ తిరిగిచ్చేయండి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు ఒక్కటే మినహాయింపు. తేనె నాకించొద్దు, వస అరగదీసి పోయొద్దు, ఆముదం పట్టొద్దు, వెలిగారం అసలే వద్దు, అది విషం. గ్యాస్ చుక్కల మందులు ఇచ్చినా, ఉత్త నీళ్లు ఇచ్చినా పెద్ద తేడా లేదని పరీక్షల్లో తేలింది. కడుపునొప్పికని కొన్ని మందుల్లో ఉండే డైసైక్లోమిన్ ఆరు నెలల లోపు పిల్లలకి ఇవ్వకూడదు, ఊపిరికే ముప్పు. మందుల షాపులో అడిగి తెచ్చే అలవాటు ఉంటే మానుకోండి. కాళ్లు కడుపులోకి ముడుచుకుని, పొట్ట గట్టిపడి ఏడుస్తుంటే అందరూ గ్యాస్ అంటారు. ఏ కారణానికి ఏడ్చినా పొట్ట గట్టిపడుతుంది, ఏడుస్తూ గాలి మింగడం వల్ల తర్వాత గ్యాస్ కూడా వస్తుంది. సాంబ్రాణి పొగ పాప గదిలో వేయకండి. దిష్టి తీయడం అత్తగారి ముచ్చట, తీయనివ్వండి. మిరపకాయలు మాత్రం వంటింట్లోనో పెరట్లోనో కాల్చమనండి.

ఊరుకోబెట్టడానికి ఒక పద్ధతి చెబుతాను. జపాన్‌లో కుమి కురోదా అనే శాస్త్రవేత్త బృందం 2022లో చెప్పింది ఇది: ఏడుస్తున్న బిడ్డని గుండెలకి హత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే పడుకోబెట్టకుండా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చోవాలి. ఆ తర్వాతే పక్కమీద వేయాలి. చేతుల్లోంచి ఒంటిని విడదీసే ఆ క్షణంలోనే పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, మన తొందర అక్కడే చెడగొడుతుంది. ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల మోచేతి దగ్గర ఆనించి నడిస్తే కొందరు పిల్లలకి హాయి. పక్కమీద వేసేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. "ఎత్తుకుంటే చేతులకి అలవాటు పడుతుంది" అనే మాట ఈ వయసుకి వర్తించదు. కన్నీళ్లు రావట్లేదు కాబట్టి దొంగ ఏడుపు అనీ అనుకోకండి. మొదటి ఒకట్రెండు నెలలు చాలామంది పిల్లలకి కన్నీళ్లు బుగ్గల మీదికి జారవు.

ఇవన్నీ చేసినా కొన్ని సాయంత్రాలు పాప ఏడుస్తుంది. ఏ కారణమూ దొరకదు. అప్పుడు ఆపడం మీ బాధ్యత కాదు, దగ్గర ఉండటమే. మీ ఆయనకి ఏ షిఫ్ట్ అయినా ఒక మాట చెప్పండి. బి షిఫ్ట్ వారం ఆయన పదికిగానీ రారు కాబట్టి ఆ వారం సాయంత్రం ఒక గంట అత్తగారు ఎత్తుకోవాలి. ఎ షిఫ్ట్ వారం ఆ గంట ఆయనదే. మీరు ఆ గంటలో వేరే గదిలో అన్నం తినండి, పడుకోండి, తలుపు వేసుకోండి. ఎవరూ లేనప్పుడు చేతులు వణికేంత విసుగు వస్తే పాపని పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు పది నిమిషాలు బయటికి వచ్చి నిలబడండి. ఏడ్చినంత మాత్రాన ఏమీ కాదు. కోపంలో ఒక్కసారి గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం అవుతుంది. ఈ మాట ఇంట్లో పాపని ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

"నేనేం తల్లిని" అన్న మాట అలసటతో రాసి ఉంటే సరే. కాన్పైన మొదటి రెండు వారాలు ఏడుపు రావడం, మనసు బాగోకపోవడం చాలామందికి ఉంటుంది. ఐదో వారంలో కూడా పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం ఉంటే అది జబ్బు, వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ చూస్తారు. పాపని ఏదైనా చేయాలనో, మీరే ఏదైనా చేసుకోవాలనో ఆలోచన వస్తే మర్నాటిదాకా ఆగొద్దు, ఆ క్షణమే ఇంట్లో వాళ్లకి చెప్పండి.

ఏ ఏడుపుకి పరుగెత్తాలో కూడా చెప్పాలి కదా. ఎప్పుడూ వినని సన్నటి కీచు గొంతు, లేదా ఏడవడానికే ఓపిక లేనట్టు మూలుగు. ఎంత లేపినా పాలకి లేవకపోవడం. ఆకుపచ్చ రంగు వాంతి. విరేచనంలో రక్తం. ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి 60కి పైగా ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం. ఫిట్స్. అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారడం. నడినెత్తి ఉబ్బడం. గజ్జల్లో గట్టి బిళ్ల. 100.4 డిగ్రీలు, ఆ పైన జ్వరం (టీకా తర్వాత వచ్చే జ్వరం సంగతి కింద చెబుతాను). వీటిలో ఏది కనిపించినా సాయంత్రం ఏడుపులే అని సరిపెట్టుకోకండి, 108కి ఫోన్ చేయండి. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పసిపిల్లలకి రాత్రీ పగలూ చూస్తారు. నిజం చెప్పాలంటే నన్ను గట్టి ఏడుపు ఎప్పుడూ అంత భయపెట్టలేదు. ఏడవాల్సిన బిడ్డ ఏడవకుండా మెత్తగా పడి ఉంటేనే భయం.

ఇక టీకాల రోజు. ఆరో వారంలో నోట్లో పోలియో చుక్కలు, రోటా మందు వేస్తారు. ఎడమ తొడకి ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్, కుడి తొడకి న్యుమోనియా టీకా, కుడి భుజం మీద చర్మంలోకి చిన్న పోలియో ఇంజెక్షన్. ముందు రోజు రాత్రే ముందు హుక్కులున్న వదులైన బట్టలు మీకు తీసిపెట్టుకోండి, సూది దిగిన మరుక్షణం అక్కడే పాలివ్వొచ్చు. ఆ నొప్పి ఏడుపు ఎలా ఉంటుందో ఆ రోజు వింటారు: ఒక్కసారిగా పెద్ద కేక, ఆ తర్వాత ఊపిరి ఆగినట్టు చిన్న విరామం, మళ్లీ కేక. గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ సాయంత్రం మామూలుకంటే ఎక్కువ ఏడవొచ్చు, ఒళ్లు కాస్త కాలొచ్చు. తొడ మీద రుద్దకండి, కాపడం పెట్టకండి, నూనె రాయకండి. పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వేయాలో పాప బరువునిబట్టి టీకా వేసే నర్సు, అదే ఏఎన్ఎమ్మే చెబుతారు, అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. పక్కింటి పిల్లాడికి వేసిన లెక్క మీ పాపకి పనికిరాదు. జ్వరం 100.4కి చేరితే టీకా వల్లే అయినా డాక్టరుకి ఒక మాట చెప్పండి. రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, పాప పాలు వదిలేసినా, మూడు గంటలపాటు ఊపిరి సలపనివ్వకుండా ఏడ్చినా తీసుకెళ్లి చూపించండి. 42వ రోజున ఆశా కార్యకర్త మళ్లీ వస్తుంది. అప్పుడు బరువు తూయించి, ఆ అంకె అత్తగారికే చదివి వినిపించమనండి.